కొత్త బైకు మొదటి ఆయిల్ ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి: నేను చేసి చూసింది

ఈమధ్యే మొదటి బైకు కొన్న ఒకరు మొదటి ఆయిల్ మార్చడం గురించి అడిగారు, వారికి నా జవాబు ఇది. మీ బైకు మీటరు 620 కి.మీ. చూపిస్తోంది. మాన్యువల్‌లో మొదటి సర్వీసు 750 కి.మీ. లేదా 30 రోజులు అని ఉంది. మీ స్నేహితులేమో "కంపెనీ పోసిన ఆయిల్‌తో రెండు వేల దాకా తిప్పు, అప్పుడే ఇంజన్ సెట్ అవుతుంది" అంటున్నారు. ఇంట్లోనే మార్చుకోవచ్చా, సింథటిక్ పోయొచ్చా అని కూడా అడిగారు. నేను ఇప్పటిదాకా మూడు కొత్త బైకులు కొన్నాను. మొదటిదాన్ని సర్వీస్ సెంటర్లో వదిలేసి వచ్చాను. రెండోదానికి పక్కన నిలబడి చేయించాను. మూడోది వారంటీ షరతులు రెండుసార్లు చదువుకుని నా చేతుల్తో నేనే చేసుకున్నాను. ఆ మూడు అనుభవాల నుంచి చెబుతున్నాను.

ముందుగా ఒక మాట: దయచేసి వాయిదా వేయకండి. కిలోమీటర్లు, రోజులు, రెండింటిలో ఏది ముందొస్తే అదే లెక్క. బైకు తక్కువ తిప్పినా నెల నిండితే సర్వీసుకి టైమ్ అయినట్టే.

ఎందుకంటే, కొత్త ఇంజన్‌లో సిలిండర్ గోడ అద్దంలా నున్నగా ఉండదు. కావాలనే దాని మీద ఒకదాన్నొకటి కోసుకునేలా సన్నటి గీతలు గీస్తారు, ఆయిల్ వాటిలో నిలబడాలని. ఆ గీతల అంచుల్ని పిస్టన్ రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో అరగదీసి, గోడకి సరిగ్గా అతుక్కుంటాయి. మనం సెట్ అవడం అనేది దీన్నే. మరి ఆ అరిగిన పొడి ఎక్కడికి పోతుంది? ఆయిల్‌లోకే. చాలా బైకుల్లో ఇంజన్‌కీ, గేర్‌బాక్స్‌కీ, క్లచ్‌కీ ఒకే ఆయిల్. కాబట్టి కొత్త గేరు పళ్ళు ఒకదానికొకటి అలవాటు పడేటప్పుడు రాలే పొడి, క్లచ్ ప్లేట్ల పొడి, చాంబర్ (ఇంజన్ బయటి పెట్టె) అతికించేటప్పుడు వాడిన సీలెంట్ తునకలు, అన్నీ ఆ ఒక లీటరులోనే తిరుగుతుంటాయి. ఫిల్టరు పెద్ద రవ్వల్ని ఆపుతుంది గానీ మరీ సన్నటి పొడిని పూర్తిగా ఆపలేదు. కొన్ని చిన్న బైకులకైతే కాగితం ఫిల్టరే ఉండదు, ఒక జల్లెడ, గిరగిరా తిరుగుతూ మురికిని అంచుకి నెట్టే ఫిల్టరు మాత్రమే ఉంటాయి.

మీ స్నేహితుల మాటలో సగం నిజముంది. ఇంజన్ సెట్ అవ్వాలి, అది నిజమే. కానీ సెట్ చేసేది మురికి ఆయిల్ కాదు, మీరు నడిపే తీరు. ఒకే స్పీడులో గంటలకొద్దీ లాగించకుండా మారుస్తూ ఉండండి. పై గేరులో ఇంజన్ గుడగుడలాడేలా ఈడ్చకండి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోకండి. ఆయిల్ మార్చాక కూడా ఈ జాగ్రత్తలు మాన్యువల్ చెప్పిన దూరం వరకూ కొనసాగించండి.

ఇక మొదటి బైకు సంగతి. పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నాను. కడిగి, పాలిష్ పెట్టి ఇచ్చారు, చూడ్డానికి ముచ్చటేసింది. రెండు రోజులకి బండి బరువుగా లాగుతున్నట్టు అనిపించింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా కింద వేలాడే చిన్న రబ్బరు గొట్టంలో నల్లగా ఆయిల్ పేరుకుంది. కొత్త బండికి ఇదేంటని టెన్షన్ పట్టుకుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి తుడిచి చూస్తే ఆయిల్ పై గీత దాటి చాలా పైకి ఉంది. మాన్యువల్ తిరగేస్తే కారణం తెలిసింది: ఆ ఇంజన్‌కి ఆయిల్ మార్చినప్పుడు పట్టేది 850 మిల్లీలీటర్లు. డబ్బా వచ్చేది లీటరు. డబ్బా మొత్తం పోసేశారు. ఎక్కువైన ఆయిల్‌ని ఇంజన్ లోపల తిరిగే క్రాంక్ చిలికేస్తుంది, నురగ పడుతుంది, ఒత్తిడి పెరిగి ఆయిల్ ఎయిర్ ఫిల్టర్ వైపు తన్నుకొస్తుంది. అదే బండికి చైన్‌ని కూడా వీణ తీగలా బిగించి పంపారు. గుంతలో పడ్డప్పుడల్లా వెనక నుంచి కర్‌మని శబ్దం. బరువు పడి వెనక చక్రం పైకి లేచినప్పుడు చైన్‌కి కొంచెం జాగా కావాలి. అది లేకపోతే చక్రం బేరింగులు, గేర్‌బాక్స్ బయటి బేరింగు నలిగిపోతాయి.

ఆ రోజు నుంచి ఆయిల్ ఎంత పోయాలన్న దాంట్లో డబ్బాని నమ్మడం మానేశాను. మాన్యువల్‌లో సాధారణంగా రెండు మూడు అంకెలు వేరువేరుగా ఉంటాయి: ఆయిల్ ఒక్కటే మారిస్తే ఇంత, ఫిల్టరుతో కలిపి మారిస్తే ఇంత, ఇంజన్ మొత్తం విప్పితే ఇంత. మూడో అంకె చూసి పోసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీకు కావలసింది మొదటిది గానీ రెండోది గానీ.

ఇంట్లోనా, సర్వీస్ సెంటర్లోనా అంటే, మీ మొదటి బైకు కాబట్టి సెంటర్‌కే వెళ్ళండి అంటాను. మొదటి సర్వీసు టైముకి జరిగినట్టు రికార్డు లేకపోతే వారంటీ విషయంలో చాలా కంపెనీలు పేచీ పెడతాయి. పైగా టాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గరి సందు సరిచేయడం) లాంటివి మొదటిసారి చేతికి అలవాటు లేనివాళ్ళు చేసుకునేవి కావు. కానీ వదిలేసి రాకండి. నేను రెండో బైకుకి ఒకే ఒక్క మాట అడిగాను, "పని జరిగేటప్పుడు నేను దూరంగా నిలబడి చూడొచ్చా?" అని. ఒప్పుకున్నారు. మనిషి ఎదురుగా ఉన్నాడని తెలిస్తే కొత్త వాషర్ డబ్బాలోంచి బయటికొస్తుంది, కొలత గ్లాసు కూడా బయటికొస్తుంది. మెకానిక్‌ని తప్పు పట్టడానికి కాదు నిలబడేది, మన బండి గురించి నేర్చుకోవడానికి. ఆయన ఆ రోజు ఓపిగ్గా చెప్పిన నాలుగు మాటలే నాకు మూడో బైకు దగ్గర పనికొచ్చాయి.

మీరే చేసుకోవాలనుకుంటే నేను చేసిన పద్ధతి ఇది.

ఇంజన్‌ని ఒక మూడు నాలుగు నిమిషాలు తిప్పి ఆపండి. గోరువెచ్చని ఆయిల్ పల్చగా జారుతుంది, అడుగున పేరుకున్న పొడిని తనతో తెస్తుంది. మరీ వేడి మీద మాత్రం వద్దు, సైలెన్సర్ గొట్టం డ్రెయిన్ బోల్టుకి (ఆయిల్ కార్చడానికి ఇంజన్ అడుగున ఉండే బోల్టు) పక్కనే ఉంటుంది, ముంజేయి కాలుతుంది. బండి సెంటర్ స్టాండ్ మీద నిటారుగా ఉండాలి. పైన ఆయిల్ మూత వదులు చేసి, కింద ట్రే పెట్టండి.

డ్రెయిన్ బోల్టు దగ్గర చాలామంది పొరబడేది తిప్పే దిక్కు. బోల్టు తల నేల వైపు చూస్తుంటుంది, మనం పైనుంచి వంగి చేత్తో తిప్పుతాం. పైనుంచి చూస్తే దిక్కు తారుమారవుతుంది. విప్పుతున్నాననుకుని బిగించేస్తాం. చాంబర్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. పాడయ్యేది బోల్టు ఎక్కే చాంబర్ లోపలి మరే. అందుకే స్పానర్ తగిలించాక ఒక్క క్షణం ఆగి, బండి కింద పడుకుని బోల్టు తల వైపు నుంచి చూస్తున్నట్టు ఊహించుకుని, అప్పుడు గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పండి. రింగ్ స్పానర్ గానీ సాకెట్ గానీ వాడండి. సైజు సర్దుకునే స్పానర్‌తో బోల్టు మూలలు అరిగిపోతాయి.

ఆయిల్ కారుతుండగా తొందరపడి పక్కకి పోకండి, దాన్ని చూడండి. నేను ఒక పాత తెల్ల ప్లాస్టిక్ క్యాను అడ్డంగా కోసి ట్రేగా పెట్టుకున్నాను. ఆయిల్ పడుతున్నంతసేపు మామూలు నల్లటి ఆయిలే అనిపించింది. ట్రేని ఎండలోకి జరిపి మెల్లగా వంచితే అప్పుడు కనబడింది: సుడి తిరుగుతున్న చోట వెండి మెరుపు, సన్నటి అభ్రకం కలిపినట్టు. గ్లవ్ వేసుకున్న వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగల్లేదు. అది మామూలే, కొత్త ఇంజన్ అరిగిన పొడి అదే. వేళ్ళకి గుచ్చుకునే పెళ్ళలు, గోటి ముక్కల్లాంటి లోహపు రేకులు కనిపిస్తే మాత్రం మామూలు కాదు. ఆ ఆయిల్ పారబోయకుండా అలాగే ఉంచి కంపెనీవాళ్ళకి చూపించండి. ఆ వెండి మెరుపు ఒకసారి కళ్ళారా చూసినవాళ్ళు "రెండు వేల దాకా తిప్పు" అని ఇంకెవరికీ సలహా ఇవ్వరు.

ఫిల్టరు మార్చేటప్పుడు పాత ఓ-రింగ్ లేదా గాస్కెట్ ఇంజన్‌కే అతుక్కుపోయి ఉందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్తది పెడితే రెండూ కలిసి సరిగ్గా కూర్చోవు, ఆయిల్ చిమ్ముతుంది. కొత్త రబ్బరుకి కొంచెం ఆయిల్ రాయండి. లోపల కూర్చునే కాగితం ఫిల్టరు అయితే ఏ వైపు బయటికి రావాలో దాని మీద గుర్తుంటుంది, స్ప్రింగు ఏ వైపు ఉందో విప్పేటప్పుడే ఫోనులో ఫొటో తీసుకోండి. తిరగేసి పెడితే ఆయిల్ దారి మూసుకుపోయి ఇంజన్ పట్టేసే ప్రమాదం ఉంది.

డ్రెయిన్ బోల్టుకి రాగి లేదా అల్యూమినియం వాషర్ ఉంటుంది. బిగించినప్పుడు అది నలిగి సందు మూస్తుంది, ఒకసారి నలిగింది రెండోసారి సరిగ్గా నలగదు. కొత్తది వేయండి. బోల్టుని ముందు వేళ్ళతోనే పూర్తిగా తిప్పండి, వేళ్ళతో ఎక్కనంటే మర అడ్డంగా పడిందన్నమాట, తీసి మళ్ళీ పెట్టండి. చివర్లో టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్). చాలా బైకుల్లో 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ అంకె మాన్యువల్‌లో చూసుకోండి. గట్టిగా లాగితేనే లీక్ అవదన్న నమ్మకంతోనే ఎన్నో చాంబర్లు పాడయ్యాయి.

కొత్త ఆయిల్ మాన్యువల్ చెప్పినదానికంటే ఓ 50 మిల్లీలీటర్లు తక్కువ పోసి, మూత పెట్టి, ఇంజన్ రెండు మూడు నిమిషాలు తిప్పి ఆపి, ఇంకో మూడు నిమిషాలు ఆగండి. అప్పుడు బండి నిటారుగా ఉంచి లెవెల్ చూడండి. డిప్‌స్టిక్‌ని మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలా, తిప్పి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది. చాలావాటికి తిప్పకుండా ఆనించడమే. దీంట్లో తేడా వస్తే లెవెల్ లెక్క మొత్తం తప్పుతుంది. కింది గీతకీ పై గీతకీ మధ్య, కాస్త పైవైపు ఉంటే చాలు.

ఏ ఆయిల్ అంటే, డబ్బా మీద రెండే చూడండి. ఒకటి చిక్కదనం, 10డబ్ల్యూ-30 అనో 20డబ్ల్యూ-50 అనో మీ మాన్యువల్ ఏది చెబితే అది. రెండోది జాసో ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు, అంటే ఆ ఆయిల్ బైకు క్లచ్‌కి సరిపోతుందని చెప్పే ప్రమాణం. బైకు క్లచ్ ఆయిల్‌లో మునిగి పనిచేస్తుంది. కార్లకని చేసిన కొన్ని ఆయిళ్ళలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు, అవి క్లచ్ ప్లేట్ల పట్టు సడలిస్తాయి, ఇంజన్ అరుస్తుంది గానీ బండి ముందుకు పోదు. సింథటిక్ మంచిదే, కానీ మాన్యువల్ మినరల్ చెబితే ఈసారికి మినరలే పోయండి. ఎలాగూ కొద్ది దూరానికే మళ్ళీ మారుస్తారు.

సర్వీసు అంటే ఆయిల్ ఒక్కటే కాదు, కొత్తవన్నీ సర్దుకునే రోజులివి. కొత్త చైన్ త్వరగా సాగుతుంది. చక్రం తిప్పుతూ ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడ కింది భాగం మధ్యలో పైకీ కిందికీ ఆడించి కొలవండి. చాలా మామూలు బైకులకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. క్లచ్ కేబుల్ కూడా సాగుతుంది, లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. పుల్లల చక్రమైతే పుల్లలు వదులయ్యాయేమో చూడాలి. హ్యాండిల్ బేరింగు, బ్రేకులు, ఇంజన్ బిగింపు బోల్టులు సెంటర్లో చూడమని చెప్పి జాబ్ కార్డులో రాయించండి.

టాపెట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శబ్దం లేదు కదా, బాగానే ఉన్నాయి అనుకుంటారు. కొత్త ఇంజన్‌లో వాల్వులు తమ సీటులోకి కొంచెం కూర్చుంటాయి, దాంతో సందు తగ్గుతుంది, శబ్దం ఇంకా తగ్గుతుంది. సందు మరీ పోతే వాల్వు పూర్తిగా మూసుకోక, చల్లబడే అవకాశం లేక కాలిపోతుంది. టకటకమనే టాపెట్ కంటే ఏ చప్పుడూ చేయని బిగుతు టాపెట్ ఎక్కువ ప్రమాదం. మీ మాన్యువల్‌లో మొదటి సర్వీసుకి వాల్వు చెకింగ్ ఉంటే, ఇంజన్ పూర్తిగా చల్లారాకే చూడాలి. అందుకని బండిని ముందురోజు సాయంత్రమే ఇచ్చి, టాపెట్ల పని పొద్దున్నే మొదలుపెట్టమని అడగండి. ఆ టైముకి మీరు వెళ్ళి నిలబడొచ్చు.

తీసిన ఆయిల్‌ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ సేకరించే చోట ఇచ్చేయండి. కాలువలో గానీ మట్టిలో గానీ పోయొద్దు. వాడిన ఆయిల్ మాటిమాటికీ చర్మానికి తగలడం మంచిది కాదు, అందుకే గ్లవ్స్.

మీరు 620 దగ్గర ఉన్నారు కాబట్టి ఇవాళే ఫోన్ చేసి స్లాట్ తీసుకోండి, 700 దగ్గర చేయించినా నష్టమేమీ లేదు. బండి తెచ్చుకున్న మర్నాడు ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక డ్రెయిన్ బోల్టు చుట్టూ టిష్యూతో తుడిచి చూడండి. తడి లేకపోతే ఆ రోజు మీటరు రీడింగు, తేదీ, పోసిన ఆయిల్ పేరు, ఎంత పోశారో సర్వీసు పుస్తకం వెనక రాసి పెట్టుకోండి. తడి కనిపిస్తే మీరు బిగించడానికి చూడకుండా నేరుగా వాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి.