పాఠకుల ప్రశ్నలు: ఉప్పుకు ఎత్తుకెత్తు బంగారం ఇచ్చారా?

ప్రశ్న: మా ఊరి పక్క ఉప్పుమడుల్లో పండిన ఉప్పు అమ్మితే కూలి డబ్బులు కూడా గిట్టవు. ఒకప్పుడు ఆఫ్రికాలో ఉప్పుకు ఎత్తుకెత్తు బంగారం ఇచ్చేవారని, ఆ వ్యాపారం మీదే పెద్ద రాజ్యాలు లేచాయని అంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నర్సాపురం

జవాబు: ఎత్తుకెత్తు అన్నది కట్టుకథ. రెండో మాట మాత్రం నిజం.

ముందు లెక్క చూద్దాం. 1352లో యాత్రికుడు ఇబ్న్ బతూతా మొరాకో వైపు నుంచి సహారా దాటి పశ్చిమ ఆఫ్రికాలోని మాలి రాజ్యానికి వెళ్లాడు, దారిలో ధరలు రాసుకున్నాడు. ఒక ఒంటె మోత ఉప్పు ఎడారి దక్షిణపు అంచున ఉన్న వలాతాలో 8 నుంచి 10 మిస్కాళ్లు. అదే మోత మాలి రాజధానికి చేరితే 20, 30, ఒక్కోసారి 40. మిస్కాల్ అంటే సుమారు 4.25 గ్రాముల బంగారం. మోత 140 కిలోలనుకుంటే, 30 మిస్కాళ్ల ధరకి వచ్చేది 127 గ్రాములు. కిలో ఉప్పుకు గ్రాము బంగారం కూడా పడలేదన్నమాట. అయినా తక్కువేం కాదు. ఇవాళ ఆ ధర పలికితే మీ మడులకు తుపాకీ కాపలా పెట్టుకోవాలి.

అంత ధర ఎందుకంటే, అది మడిలో ఎండబెట్టిన ఉప్పు కాదు. ఎడారి నడుమ తఘాజాలో నేలలోంచి పలకలుగా తవ్వి తీసిన రాతి ఉప్పు. ఒంటెకు రెండు పలకలు. అక్కడ చెట్టన్నది లేదు, ఇళ్లూ మసీదూ కూడా ఉప్పు దిమ్మెలతో కట్టి పైన ఒంటె తోళ్లు కప్పారు. తవ్వేవాళ్లు బానిసలు. వాళ్ల తిండికి ఖర్జూరం ఉత్తరం నుంచి, సజ్జలాంటి చిరుధాన్యం దక్షిణం నుంచి రావాలి.

ఇక దారి. మొరాకోలోని సిజిల్మాసా నుంచి తఘాజాకు 25 రోజులు, వలాతాకు మొత్తం రెండు నెలలు. తఘాజా దాటాక నీళ్లే గండం. అందుకని బిడారు కంటే ముందు దారి తెలిసిన ఒంటరి మనిషిని వలాతాకు పంపేవారు, అతన్ని తక్షీఫ్ అంటారు. కబురందితే అక్కడివాళ్లు నాలుగు రోజుల దూరం ఎదురొచ్చి నీళ్లిస్తారు. ఆ మనిషి దారి తప్పి చనిపోతే ఎవరూ ఎదురు రారు, బిడారులో చాలామంది దాహంతో పోతారు. ఇబ్న్ బతూతా బిడారు అతనికిచ్చిన కూలి 100 మిస్కాళ్లు. వలాతా ధరలో చూస్తే పది ఒంటెల ఉప్పు పైమాటే!

ఒంటె అక్కడితో సరి. ఇంకా దక్షిణాన తేమ నేలల్లో ట్సెట్సీ ఈగ కుడితే జబ్బుచేసి చస్తుంది. సరుకు గాడిదల మీదికో, నైజర్ నదిలో పడవల్లోకో, మనిషి నెత్తి మీదికో మారాలి. గోదావరి వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పడవ సరుకు దించి బండికెత్తేచోట రేవు, రేవు పక్కన సంత, సంత వెనకాలే సుంకంవాడు. వలాతా, టింబక్టు, గావో అలా పెరిగినవే.

రాజ్యం నిలబడింది ఆ సుంకం మీద. బంగారు గనులు రాజు ఊళ్లో లేవు, దక్షిణాన బంబుక్, బూరె ప్రాంతాల్లో ఉన్నాయి. 1068లో అరబ్బు భూగోళ రచయిత అల్ బక్రీ ఘనా రాజ్యం గురించి రాశాడు (ఇప్పటి ఘనా దేశం కాదు, మౌరిటానియా–మాలి సరిహద్దు ప్రాంతం). గాడిద మోత ఉప్పు లోపలికొస్తే సుంకం 1 దీనార్ (బంగారు నాణెం), బయటికెళ్తే 2. రాగి మోతకి 5 మిస్కాళ్లు, మిగతా సరుకుకి 10. ముద్దగా దొరికిన బంగారం రాజుది, పొడి జనానిది. ముద్దలు కూడా వదిలేస్తే బంగారం చవకైపోతుందని కారణం. మన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి శాసనంలో ఓడ వర్తకులకు అభయమిచ్చి, 30లో ఒక వంతు సుంకంతో సరిపెట్టుకున్నదీ ఈ తెలివే. వర్తకుడు రాకపోతే పెట్టె ఖాళీ.

గనులనే పట్టుకోవచ్చు కదా అంటారేమో. మాలి రాజులు ఆ పనీ చేసి చూశారు. ఊళ్లు లొంగదీసి మతం మార్పిస్తే తవ్వకమే పడిపోయిందని అరబ్బు రచయిత అల్ ఉమరీ రాశాడు. వాళ్లను వాళ్ల మానాన వదిలేసి కప్పం తీసుకున్నారు. బంగారం మరీ పారబోసినా చిక్కే. 1324లో మాలి రాజు మూసా మక్కాకు వెళ్తూ కైరోలో పంచిన బంగారానికి, 25 వెండి దిర్హాంలకు తగ్గని మిస్కాల్ 22కు దిగింది, 12 ఏళ్లయినా కోలుకోలేదు. తిరుగుదారిలో ఆయనే కైరో వర్తకుల దగ్గర అప్పు చేశాడు.

ప్రశ్న: చేతిలో చిల్లిగవ్వ లేదంటాం. ఆఫ్రికాలోనూ గవ్వలు చెల్లాయా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: భేషుగ్గా చెల్లాయి, అదీ మన సముద్రం గవ్వలే. మాల్దీవుల నుంచి ఈజిప్టు మీదుగా పోయేవి. ఇబ్న్ బతూతా మాల్దీవుల్లో ఖాజీగా పనిచేశాడు కాబట్టి రెండు చోట్లా ధర తెలుసు. అక్కడ దీనారుకు 4 లక్షల గవ్వలు, మాలిలో, గావోలో 1,150. సుమారు 350 రెట్లు! దొంగ గవ్వ చేయడం కుదరదు, అరగదు, నలగదు, కూరగాయల బేరానికి సరిగ్గా సరిపోతుంది. పెద్ద బేరానికే చిక్కు. 1,150 గవ్వలు కిలోకు పైనే తూగుతాయి. అందుకే పెద్ద బేరాలు బంగారంతోనే.

ప్రశ్న: మన వైపు నుంచి ఓడలు నేరుగా ఆఫ్రికా బంగారం రేవుకు పోలేవా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: గాలి ఒప్పుకోదు. నవంబరు నుంచి మార్చి దాకా వీచే ఈశాన్యపు గాలి అరేబియా సముద్రం మీదుగా ఓడను ఆఫ్రికా తూర్పు తీరానికి చేరుస్తుంది, ఏప్రిల్ తర్వాత నైరుతి గాలి వెనక్కి తెస్తుంది. ఒక్క ఏడాదిలో పోయి రావాలంటే ఇప్పటి టాంజానియాలోని కిల్వా దాకానే. బంగారం దిగే సొఫాలా ఇంకా దక్షిణాన, ఇప్పటి మొజాంబిక్‌లో ఉంది. అందుకే కిల్వా సుల్తాన్లు నడుమ నిలబడి సుంకం తిన్నారు. భారతదేశపు నూలు బట్ట, పూసలు లోపలికి, బంగారం, ఏనుగు దంతం బయటికి. కిల్వా సుల్తాన్ అల్ హసన్ ఇబ్న్ సులైమాన్ ముద్రించిన రాగి నాణెం ఒకటి, తీరానికి ఎంతో లోపల, సున్నం లేకుండా 11 మీటర్ల దాకా రాతిగోడలు పేర్చిన గ్రేట్ జింబాబ్వేలో దొరికింది.