విండోలో తలుపు లేదు

సందేహం: 'విండో' అంటే 'విండ్ డోర్', గాలి తలుపు అని మా అబ్బాయికి ట్యూషన్‌లో చెప్పారట. నిజమేనా? పేపర్లు రాసే 'ఏకగవాక్ష విధానం'లోని గవాక్షానికీ గోవుకూ సంబంధముందా? 'సింగిల్ విండో' అనడం తప్పా?

సమాధానం: ట్యూషన్ మాస్టారు గాలి దాకా సరిగ్గానే వచ్చి తలుపు దగ్గర తప్పిపోయారు. విండో అనేది వైకింగుల భాషైన పాత నార్స్‌లోని 'విండౌగ' అనే సమాసం. విండ్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. వైకింగులు ఇంగ్లండులో స్థిరపడ్డాక వాళ్ళ మాట ఇంగ్లీషులో కలిసింది. కిటికీకి అద్దాలు లేని రోజులవి. గాలి ఆడటానికి గోడలోనో కప్పులోనో వదిలిన కంతే ఆ గాలికన్ను. ఇంగ్లీషువాళ్ళ పాత మాటకూ 'కంటికంత' అనే అర్థం. అది పోయింది గానీ, అందులోని కంత 'నాస్ట్రిల్' చివర ఇంకా నక్కి ఉంది.

ఇక నాకిష్టమైన సంగతి. ఇంగ్లీషు విండ్, మన వాతం ఒకే మూలానివి. ఐ, అక్షి కూడా అంతే. సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడు, ఊరికీ ఇళ్ళకూ సంబంధించిన మాటల పురవర్గంలో, కిటికీకి పేర్లుగా వాతాయనం, గవాక్షం పక్కపక్కనే పెట్టాడు. ఒకదానిలో గాలి, ఒకదానిలో కన్ను! నార్స్ వాళ్ళు రెంటినీ ఒకే మాటలో ఇరికించారు.

గవాక్షంలో గోవు ఉంది, సందేహం అక్కర్లేదు. గోవు కన్ను లాంటిది గవాక్షం. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండను తొలిచిన చైత్యం (బౌద్ధుల ప్రార్థనామందిరం) ముఖద్వారం మీది కమాను చూడండి, శిల్పులు గవాక్షమనేది ఆ ఆకారాన్నే. ఫ్రెంచివాళ్ళు కూడా గుండ్రటి చిన్న కిటికీని ఎద్దుకన్ను అంటారు. 'అక్షి' కాస్తా 'అక్ష' ఎందుకైందంటారా? పాణిని 'అక్ష్ణోఽదర్శనాత్' అన్నాడు. చూసే కన్ను కానప్పుడు ఆ మార్పు వస్తుందని దానర్థం. ఈ కన్ను చూడదని వ్యాకరణమే తేల్చేసింది!

కిటికీ హిందీ ఖిడ్కీకి చుట్టం. కంప్యూటర్ విండోను విండో అంటే చాలు.

ఏకగవాక్షం సంస్కృతంగా నిర్దుష్టమే. కానీ పేపర్లవాళ్ళు అది రాసి, పక్కన బ్రాకెట్లో 'సింగిల్ విండో' అని అర్థం చెబుతారు. ఇంగ్లీషు తోడు లేనిదే నడవలేని అనువాదం దేనికండీ? రైతు అప్పుకోసం వెళ్ళేది సింగిల్ విండోకే, దాన్ని తప్పనలేను. జీవోల్లో గవాక్షం ఉంటే ఉండనివ్వండి. మధ్యేమార్గమని 'ఏకకిటికీ' మాత్రం రాయకండి, సంస్కృతం మాటకు సంస్కృతం కాని మాటను అతికించిన దుష్టసమాసం అది.