పదిహేడేళ్ల తర్వాత ఒకే ఇంట్లో

ప్రశ్న: నా వయసు 36. మాది గుంటూరు, కొరిటెపాడు. మావారు ఆర్మీలో నాయిబ్ సుబేదార్. పెళ్లయి 17 ఏళ్లు. అత్తగారిని చూసుకోవాలని నేనెప్పుడూ ఆయన వెంట వెళ్లలేదు. ఆయనే సెలవుల్లో వచ్చి వెళ్లేవారు. అత్తగారి కంటి ఆపరేషన్, ఇంటి పన్ను, పిల్లల ఫీజులు అన్నీ నేనే చూసుకున్నాను. బ్లౌజులు కుట్టి నా ఖర్చులకు నేనే సంపాదించుకునేదాన్ని. ఇప్పుడు ఆయనకు భూటాన్‌లో హా అనే చోట పోస్టింగ్ వచ్చింది. ఫ్యామిలీని తెచ్చుకోవచ్చంటే, ఇన్నాళ్లకు అవకాశం వచ్చింది వెళ్లమని అందరూ అన్నారు. అత్తగారు తెనాలిలో ఆడపడుచు ఇంటికి వెళ్లారు. అబ్బాయిని విజయవాడలో ఇంటర్ ఫస్టియర్‌లో చేర్పించి హాస్టల్లో ఉంచాం. నాలుగో తరగతి చదివే పాపను తీసుకుని జూన్‌లో ఇక్కడికి వచ్చాను.

ఐదు నెలలైంది. ఒకటే చలి. ఆయన పప్పు ఉడకలేదంటారు. ఫ్రిజ్ తెరిచి ఇదెందుకు కొన్నావంటారు. పాప నా మాటే వింటోందని అరుస్తారు. లేడీస్ మీటింగుల్లో అందరూ హిందీలో మాట్లాడుకుంటుంటే ఊరికే నవ్వుతూ కూర్చుంటాను. మొన్న ఒక ఇంటి రేకుల మీద ఎర్ర మిరపకాయలు ఎండబోసి ఉంటే చూసి, ఇంటికొచ్చి బాత్రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాను. అబ్బాయి ఫోన్‌లో ‘ఊ’, ‘సరే’ తప్ప మాట్లాడడు. సంక్రాంతికి పాపను తీసుకుని వచ్చేద్దామనుకుంటున్నాను. ‘మిగతా ఆడవాళ్లంతా ఉండట్లేదా’ అంటారు ఈయన. నేను తిరిగి వచ్చేయడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఆ మాట చెప్పేసి, తర్వాత మిగతాది మాట్లాడతాను. మీ పేరు, మీవారి యూనిట్ వివరాలు ఇక్కడ తీసేశాను. సైనిక కుటుంబాల వివరాలు పదిమంది కంటా పడకూడదు. మీరు కూడా ఫేస్‌బుక్‌లోనో, వాట్సాప్ స్టేటస్‌లోనో పెట్టకండి.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చలి గురించి రెండు మాటలు రాశారు. హిందీ గురించి ఒక వాక్యం. మిగతాదంతా పప్పు, ఫ్రిజ్, పాప, ఆయన. మిమ్మల్ని పరాయి దేశం కొంత ఇబ్బంది పెడుతోంది, నిజమే. కానీ అంతకంటే ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది, మీ ఆయనతో రోజూ ఒకే ఇంట్లో ఉండటం. ఈ మాట మీకు కష్టంగా తోచవచ్చు. ఒక్కసారి లెక్క వేయండి. జవాన్లకు, జేసీఓలకు (నాయిబ్ సుబేదార్, సుబేదార్ లాంటివారికి) ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు. అదంతా ఏటా పూర్తిగా దొరికిందనుకున్నా, 17 ఏళ్లలో మీరిద్దరూ కలిసి ఉన్నది నాలుగేళ్ల రెండు నెలలు. అదీ ముక్కలు ముక్కలుగా. సెలవులో వచ్చిన మనిషికి ఏ ఇల్లాలైనా ఇష్టమైనవి వండిపెడుతుంది, గొడవలు దాచిపెడుతుంది. ఆయనా అంతే, ఉన్న నాలుగు రోజులు ఎందుకులే అని సర్దుకుపోతాడు. ఇద్దరూ ఒకరికొకరు చుట్టాల్లా బతికారు. ఇప్పుడు మొదటిసారి చుట్టరికం పోయి కాపురం మొదలైంది, అదీ గుంటూరుకు ఇంత దూరంలో.

విజయవాడలో నా దగ్గరికి వచ్చే సైనిక కుటుంబాల్లో ఈ గొడవ ఎక్కువగా ఆయన పెన్షన్ మీద ఇంటికి వచ్చేశాక కనిపిస్తుంది. ‘ఇన్నేళ్లూ ఇల్లు నేను నడిపాను, ఇప్పుడీయన వచ్చి నాకు నేర్పుతున్నాడు’ అని ఆవిడ. ‘నా ఇంట్లో నాకే చోటు లేదు’ అని ఆయన. ఇద్దరూ నిజమే చెబుతారు. మీకు ఆ రోజు కాస్త ముందుగా వచ్చింది, అంతే.

పప్పు సంగతి కాస్త వివరంగా చెబుతాను, చిన్న విషయం అనుకోకండి. హా దాదాపు 2,700 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో నీళ్లు వంద డిగ్రీల దాకా రావు, 91 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. పైన తెర్లుతున్నట్టే ఉంటుంది, లోపల గింజ ఉడకదు. కుక్కర్లో పెట్టినా గుంటూరులో మూడు కూతలకు మెత్తబడే కందిపప్పు అక్కడ మెత్తబడదు. గంటసేపు ముందు నానబెట్టి, నాలుగు కూతలు ఎక్కువ రానివ్వండి. ఇడ్లీ పిండి కూడా ఆ చలికి పొంగదు. గది వెచ్చగా ఉన్నప్పుడు బుఖారీకి, అంటే గదిని వెచ్చబెట్టే పొయ్యికి, కొంచెం ఎడంగా పెట్టి చూడండి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఐదు నెలలుగా ఆయన ‘ఉడకలేదు’ అన్నప్పుడల్లా మీకు ‘నీకు చేతకాదు’ అని వినిపించి ఉంటుంది. పదిహేడేళ్లు సంసారం ఒంటిచేత్తో ఈదిన మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. మీ చేతిలో లోపం లేదు. ఎత్తు మారింది. ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

తర్వాతి పేరా కూడా ఆయనకే.

బాబూ, మీరు బయట పదిమందిని నడిపించే మనిషి. ఇంటికి రాగానే ఆ అలవాటు ఒక్క నిమిషంలో పోదు, అర్థం చేసుకోగలను. కానీ ఫ్రిజ్ తెరిచి ‘ఇదెందుకు కొన్నావ్’ అని అడిగినప్పుడు, ఆవిడ పదిహేడేళ్ల లెక్కలన్నీ ఒక్కసారిగా తనిఖీకి పెట్టినట్టవుతుంది. మీరు సరిహద్దులో నిశ్చింతగా డ్యూటీ చేసుకున్నారంటే, మీ అమ్మగారి కంటికి చుక్కలు వేసే చెయ్యి ఒకటి గుంటూరులో ఉంది కాబట్టే. ‘మిగతా ఆడవాళ్లంతా ఉండట్లేదా’ అనే మాట ఇక అనకండి. ఆ మిగతా ఆడవాళ్లలో ఎవరెవరు రాత్రిళ్లు ఏడుస్తున్నారో మీకు తెలియదు. పాప దూరంగా ఉంటోందని మీకెంత బాధగా ఉందో మాత్రం నాకు అర్థమైంది. అరుపు వెనక ఉన్నది ఆ బాధే.

అమ్మా, ఇప్పుడు పాప విషయం. ఒక పని గమనించండి. ఆయన ‘ఆడుకోడానికి వెళ్లమ్మా’ అంటే పాప వెంటనే మీ మొహం చూస్తోందా? చూస్తూనే ఉంటుంది, తొమ్మిదేళ్లుగా అడిగింది మిమ్మల్నే కదా. ఆ క్షణంలో మీరు ‘స్వెట్టర్ వేసుకో, ఆరింటికల్లా రా’ అని మొదలుపెడతారు. మీది శ్రద్ధే, కానీ ఆయన ఇచ్చిన అనుమతి అక్కడ చెల్లకుండా పోతుంది. ‘నాన్న చెప్పారుగా’ అని ఊరుకోండి. అంతకు మించి ఒక్క మాట వద్దు. చాలా కష్టం, చేసి చూడండి. స్కూలుకు పంపడమో, లెక్కల హోంవర్కో, ఏదో ఒకటి పూర్తిగా ఆయనకు వదిలేయండి. జడ వేయమన్నా వేయనివ్వండి. మొదటి వారం పాపిడి వంకరగా వస్తుంది. వంకర జడతోనే స్కూలుకు పంపండి, మీరు విప్పి మళ్లీ వేయకండి.

నాకు ఎక్కువ బెంగగా ఉన్నది మీ అబ్బాయి గురించి. మీరు మీ ఉత్తరంలో వాడికి రెండు వాక్యాలే ఇచ్చారు. పదహారేళ్ల పిల్లాడికి ఒకే నెలలో అమ్మ, చెల్లెలు, నానమ్మ, తను పెరిగిన ఇల్లు, అన్నీ దూరమయ్యాయి. పైగా ఇంటర్ ఫస్టియర్, హాస్టల్. ‘నాన్న దగ్గరికి అందరూ వెళ్లారు, నన్ను తప్ప’ అని వాడికి అనిపించదంటారా? ఆ ‘ఊ’, ‘సరే’ల వెనక అలకో, బెంగో, రెండూనో ఉంటాయి. ‘బాగా చదువుతున్నావా, తిన్నావా’ అని అడిగితే ఎవరైనా ‘ఊ’ అనే అంటారు. వాడికి మీ కబుర్లు చెప్పండి. ‘నాన్న ఇవాళ చెల్లికి జడ వేశారు’ అని చెప్పండి, నవ్వుతాడో లేదో చూడండి. ఎమా దత్సి గురించి చెప్పండి. ఎమా అంటే వాళ్ల భాషలో మిరపకాయ, దత్సి అంటే చీజ్. మనం మిరపకాయను కారం కోసం వేస్తాం, వాళ్లు దాన్నే కూరగా వండుకుంటారు. గుంటూరు పిల్లాడు ఆ మాట వింటే నాలుగు ప్రశ్నలు వేయకుండా ఉండడు.

హాస్టల్ వాళ్లతో మాట్లాడి ఫోన్‌కు ఒక వేళ ఖాయం చేసుకోండి. భూటాన్ సమయం మనకంటే అరగంట ముందు. విజయవాడలో ఆదివారం సాయంత్రం అయిదు అంటే మీకక్కడ అయిదున్నర. ఆ అరగంట దగ్గర లెక్క తప్పి పిల్లాడు ఫోన్ దగ్గర ఎదురు చూస్తూ నిలబడకూడదు. మీ ఆడపడుచును నెలకోసారి తెనాలి నుంచి వెళ్లి వాణ్ని చూసి రమ్మనండి, వీలైతే నానమ్మను కూడా వెంటబెట్టుకుని. వాడు తిండి మానేసినా, నిద్ర పోవడం లేదని తెలిసినా, ‘నేను బతికి ఏం లాభం’ లాంటి మాట ఒక్కటి అన్నా సంక్రాంతి కోసం ఆగకండి. వెంటనే మనిషిని పంపండి, అవసరమైతే మీరే బయల్దేరండి. 14416 అనే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరుకు వాడు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు వాడి దగ్గర ఉంచండి.

వేసవి సెలవులకు వాణ్ని అక్కడికి తీసుకెళ్లాలని ఇప్పుడే అనుకోండి. భూటాన్ వెళ్లడానికి మనవాళ్లకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. వాడికింకా ఓటరు కార్డు రాదు కాబట్టి పాస్‌పోర్టు తీయించడం మంచిది. విజయవాడలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. మైనరు కనుక మీ ఇద్దరి సమ్మతి పత్రం కావాలి. మిగతా అనుమతులు మీవారి ఆఫీసులో కనుక్కోండి. ‘మేలో నువ్వు ఇక్కడుంటావు’ అనే మాట ఇప్పుడే వాడి చెవిన పడితే, వాడికి రోజులు లెక్కపెట్టుకోడానికి ఒక తేదీ ఉంటుంది.

లేడీస్ మీటింగ్ గురించి పెద్ద టెన్షన్ పడకండి. ముప్పై మందితో మాట్లాడాల్సిన పని లేదు. మీకంటే ముందు అక్కడ ఒక చలికాలం గడిపిన ఒక్క ఇల్లాలిని వెతుక్కోండి. మన సైనిక శిక్షణ బృందం 1962 నుంచి ఆ దేశంలో ఉంది. మంచుకు నీళ్ల పైపు గడ్డకడితే ఏం చేయాలో, బట్టలు ఎలా ఆరతాయో తెలిసినవాళ్లు పక్కనే ఉంటారు. ‘బెహన్‌జీ, ముఝే బ్లౌజ్ సీనా ఆతా హై’ (అక్కా, నాకు బ్లౌజు కుట్టడం వచ్చు) అనే ఒక్క వాక్యం నేర్చుకుని వెళ్లండి. మిగతా హిందీ వాళ్లే నేర్పుతారు. మెషిన్ వెంట తీసుకెళ్లారో లేదో రాయలేదు. లేకపోతే ఒకటి తెప్పించుకోండి. డబ్బులు తీసుకుని కుట్టవచ్చో లేదో మీవారిని అడగండి. తీసుకోకపోయినా ఫరవాలేదు, మీ చేతికి మీ పని ఉండాలి.

బుఖారీ విషయంలో గట్టిగా చెబుతున్నాను. చలి అని తలుపులు, కిటికీలు అన్నీ బిగించి దాని పక్కన పడుకోవద్దు. పొగగొట్టం సరిగా ఉందో లేదో చూపించుకోండి, కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. బొగ్గుల కుంపటి మాత్రం పడగ్గదిలోకి అసలు వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మీ ఏడుపు రోజూ వస్తుంటే, రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి లేకపోతే అక్కడి మన సైన్యపు డాక్టరుకు చెప్పండి. జ్వరానికి వెళ్లినట్టే దీనికీ వెళ్లాలి. మీవారు వెంట వస్తే మరీ మంచిది.

ఇక సంక్రాంతి. నా మాటగా అడిగితే, పాప చదువు మధ్యలో మాన్పించి, కోపం మీద మాత్రం రావద్దంటాను. అలా వస్తే ఆయన ‘నన్ను వదిలి పోయింది’ అనుకుంటారు, మీరు ‘నాకు చేతకాలేదు’ అనుకుంటారు. ఆ రెండు మాటలూ ఇద్దరి మనసుల్లో చాలాకాలం ఉండిపోతాయి. అబ్బాయి కోసమే రావాలనిపిస్తే, ఆ సంగతి ఆయనకు సూటిగా చెప్పి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని రండి. కుదిరితే పండక్కి పదిరోజులు వచ్చి అబ్బాయిని, అత్తగారిని చూసుకుని మళ్లీ వెళ్లండి. ఉండాలా వద్దా అనేది ఈ చలి తగ్గాక మళ్లీ అనుకోవచ్చు. అప్పుడు కూడా వచ్చేయాలనే అనిపిస్తే వచ్చేయండి, నేను మీ పక్షమే.

ఈ ఆదివారం ఫోన్‌ను మొదట ఆయన చేతికి ఇవ్వండి. ఏం మాట్లాడాలో మీరు చెప్పకండి, తండ్రీకొడుకులు కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉన్నా ఉండనివ్వండి. మార్చిలో అబ్బాయి పరీక్షలయ్యాక నాకు మళ్లీ ఉత్తరం రాయండి. వాడు ఎలా రాశాడో కూడా చెప్పండి.