రిమూవ్ చేస్తే డిలీట్ అయినట్టేనా?

ప్రశ్న: అప్పులిచ్చే యాప్ ఒకదాన్ని ఫోన్ నుంచి రిమూవ్ చేశాను. దాంతో అందులోని నా వివరాలు కూడా డిలీట్ అయినట్టే కదా?

జవాబు: కాలేదు. ఇదే సందేహం రకరకాల రూపాల్లో పదేపదే వస్తున్నదంటే తప్పు పాఠకులది మాత్రమే కాదు. చోటు సరిపోలేదని బటన్ మీద ఒక్క మాట రాసి వదిలేసే రూపకర్తలది కూడా.

ఇంగ్లీషులో ఈ రెండూ కర్మను కోరే క్రియలే. అయితే 'రిమూవ్' వెనుక, పైకి కనబడినా కనబడకపోయినా, 'ఫ్రమ్' ఉంటుంది: దేని నుంచి తీసివేస్తున్నామన్నది తెలియనిదే దాని అర్థం పూర్తి కాదు, తీసివేసినది మరోచోట ఉండనే ఉండవచ్చు. 'డిలీట్' చేస్తే పోయేది ఆ సమాచారమే. అందుకే వాట్సాప్ గ్రూపు నుంచి సభ్యుణ్ణి రిమూవ్ చేస్తాం కానీ డిలీట్ చేయం. డిలీట్ చేసేది సందేశాన్ని. 'డిలీట్' పక్కన 'ఫ్రమ్ డివైస్' అని చేర్చితే మాత్రం దాని పరిధి కుదించుకుపోయి, ఫోన్‌లో ఉన్న నకలు ఒక్కటే పోతుంది.

మీరు చేసింది ఫోన్ నుంచి యాప్‌ను తీసివేయడం. మీరు అప్‌లోడ్ చేసిన పాన్ కార్డు, సెల్ఫీ, అనుమతి అడగగానే ఇచ్చివుంటే మీ కాంటాక్టుల జాబితా, అన్నీ వారి సర్వర్‌లోనే ఉంటాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ జాబితాయే, ఎందుకంటే వాయిదా తప్పినప్పుడు బంధుమిత్రులకు ఫోన్లు చేసి పరువు తీసే ముఠాలకు అదే ఆయుధం. రుణ యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫోన్‌లోని ఫైళ్ల జోలికి పోరాదనీ, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకుని సమాచారాన్ని తొలగింపజేసుకునే వీలు రుణగ్రహీతకు ఉండాలనీ రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు మార్గదర్శకాల్లోనే చెప్పింది. అయినా కాంటాక్టులు అడిగే యాప్‌కు చదవకుండానే 'అలో' నొక్కేవారికి కొదవ లేదు.

అప్పు తీరివుంటే, 'డిలీట్ అకౌంట్' అభ్యర్థన పంపండి. అందుకోసం యాప్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర లేదు. ఖాతా తెరిపించే యాప్‌లు ఖాతా తొలగింపునకు వెబ్ లింకు కూడా ఇవ్వాలన్నది ప్లే స్టోర్ నిబంధన, ఆ లింకు యాప్ పేజీలోని 'డేటా సేఫ్టీ' విభాగంలో ఉంటుంది. అప్పు ఇంకా మిగిలివుంటే మాత్రం, ఆ లెక్కలను సంస్థ డిలీట్ చేయదు.