స్లాగ్ ఏ రకమో ముందు చూడండి

ప్రశ్న: గాలితో నడిచే ప్లాస్మా మెషీన్ మీద 10 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేట్ కోస్తున్నాను. నెల రోజులుగా అడుగున స్లాగ్ (కరిగి గడ్డకట్టిన లోహం) పేరుకుంటోంది, అంచు వాలుగా వస్తోంది. కరెంటు పెంచాను, వేగం తగ్గించాను, నాజిల్ (మంట బయటికొచ్చే చిల్లున్న మొన) కొత్తది వేశాను. అయినా ప్రతి ముక్కకీ గ్రైండర్ పట్టాల్సి వస్తోంది. మెషీన్ పాడైనట్టేనా?

జవాబు: మెషీన్‌ని అప్పుడే అనుమానించకండి. ఒకేసారి మూడు మార్చేశారు, ఏది మేలు చేసిందో ఏది చెడగొట్టిందో ఎలా తెలుస్తుంది? ఒక ముక్క కోసి, చల్లారాక తిరగేసి చూడండి. స్లాగ్ లావుగా, బుడగలు బుడగలుగా ఉండి, సుత్తితో తడితే పెచ్చులుగా ఊడిపోతే వేగం తక్కువైనట్టు. సన్నటి పూసలా అంచుకి కరుచుకుని గ్రైండర్‌కి తప్ప లొంగకపోతే వేగం ఎక్కువైనట్టు.

టార్చ్‌లో, అంటే మెషీన్ కోసే తలలో, గాలి సుడి తిరుగుతూ వస్తుంది. అందుకే టార్చ్ వెళ్లే దిశలో చూస్తే మామూలుగా కుడి అంచు నిటారుగా, ఎడమ అంచు కాస్త వాలుగా ఉంటుంది. కావలసిన ముక్క కుడివైపు వచ్చేలా కోయండి. రెండు వైపులా పైభాగమే ఎక్కువ కరిగిపోతుంటే టార్చ్ ఎత్తు తగ్గించాలి.

నాజిల్ మార్చారు సరే, మరి దాని వెనక ఉండే ఎలక్ట్రోడ్ (ఆర్క్, అంటే కోసే మెరుపు, పుట్టే రాగి ముక్క)? విప్పి వెలుతురులో పట్టుకోండి. రాగి కొస మధ్యలో హాఫ్నియం అనే లోహపు చుక్క ఉంటుంది. అక్కడ గుంట 1.5 ఎంఎం దాకా దిగితే దాని పని అయిపోయినట్టే. అలాంటిది వాడితే కొత్త నాజిల్ కూడా నాలుగు రోజుల్లో పోతుంది, చిల్లు గుండ్రంగా ఉండక ఒక పక్కకి సాగుతుంది.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం గాలిలో తేమ. రెండు వారాలు వేగం మీదే పడి కొట్టుకున్నాను, ఎలక్ట్రోడ్లు వరసగా కాలిపోయాయి. చివరికి ఆర్క్ వెలిగించకుండా గాలి మాత్రమే వదిలి, టార్చ్ కింద తెల్ల కాగితం పెట్టాను. క్షణాల్లో సన్నటి నీటి చుక్కలు, వాటి చుట్టూ నూనె మరక! కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు రోజూ తీసేయడం, ఫిల్టర్ మార్చడం అప్పటినుంచి మానలేదు. గాలి ప్రెషర్ కూడా టార్చ్‌లోంచి గాలి పోతున్నప్పుడే చూడండి. ఆగి ఉన్నప్పుడు గేజ్ చూపించేది నమ్మొద్దు.

ఇవన్నీ సరిచేశాక కరెంటుని నాజిల్ రేటింగ్‌కి దించండి. 45 ఆంప్స్ నాజిల్‌కి 60 పెడితే చిల్లు కాలిపోతుంది. ఇక మాన్యువల్‌లోని వేగంతో మొదలుపెట్టి, వేగం ఒక్కటే కొద్దికొద్దిగా మారుస్తూ అరడజను చిన్న కోతలు కోసి చూడండి.