సొంత పొలంలో వరద కట్ట: ఎత్తు కన్నా ముందు అలుగు చూడండి

ప్రశ్న: అత్తిబెలె దగ్గర మాకు నాలుగెకరాల పొలం ఉంది. ఎగువన లేఅవుట్ వచ్చాక పెద్ద వాన పడితే నీళ్లన్నీ మా పొలం మీదుగా కిందికి ఉరుకుతున్నాయి. పల్లానికి అడ్డంగా పదడుగుల మట్టి కట్ట వేయిస్తే వరద ఆగుతుందా? నీళ్లు నిల్వ ఉంటే బోరుకూ మంచిదే కదా? నాలుగైదు రోజుల్లో అయిపోతుందని జేసీబీ ఆయన అంటున్నాడు.

జవాబు:

కట్ట వేయొచ్చండీ. కానీ మట్టి కట్ట వరదను ఆపదు, దాని ఉరుకు తగ్గిస్తుంది. గంటలో వచ్చిన నీటిని రాత్రంతా కొద్దికొద్దిగా వదులుతుంది. అందుకే నన్నడిగితే కట్ట ఎంత ఎత్తు అన్నది రెండో ప్రశ్న. నీళ్లు ఎటు నుంచి, ఎలా బయటికి పోతాయన్నది మొదటిది.

సర్జాపుర అవతల మా పెదనాన్న వాళ్ల పొలంలో ఇలాంటి కట్టే ఉంది. ఆయనకు వయసు మీదపడ్డాక దాని బాగోగులు నేనే చూస్తున్నాను. దాని కింద, పాలమూరు, కర్నూలు నుంచి అపార్ట్‌మెంట్ల పనికి వచ్చిన కూలీల రేకుల షెడ్లున్నాయి. పెద్ద వాన పడిన రాత్రి నాకు నిద్ర పట్టేది కాదంటే ఆ పిల్లల గురించే. మీరూ ముందు మీ పొలం కిందికి నడిచి వెళ్లి, కట్ట తెగితే నీళ్లు ఎవరి గుమ్మంలోకి వెళ్తాయో చూడండి. అక్కడ ఇళ్లుంటే ఇంజనీరు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు లెక్క. ఎగువన 20 ఎకరాల నీరు మీ పల్లంలోకి వస్తుందనుకుందాం. అంటే దాదాపు 8 హెక్టార్లు. 100 మిల్లీమీటర్ల వాన పడి, అందులో ఐదింట నాలుగు వంతులు పారితే 64 లక్షల లీటర్లు. ఒకప్పుడు పొలాలున్నప్పుడు ఇందులో చాలా భాగం నేలలోకి ఇంకేది. ఇప్పుడు రోడ్లు, డాబాలు కదా. 2022 సెప్టెంబర్ మొదటి వారంలో బెంగళూరులో ఒక్క రోజులోనే 130 మిల్లీమీటర్ల పైన పడి అవుటర్ రింగ్ రోడ్డు మునిగింది. కాబట్టి ఈ 100 ఊరికే వేసుకున్న అంకె కాదు. మీరు అరెకరంలో సగటున రెండు మీటర్ల లోతున నీరు నిలిపినా 40 లక్షల లీటర్లే పడతాయి. మిగతాది బయటికి పోవాల్సిందే. దారి ఇవ్వకపోతే కట్ట మీద నుంచి పొర్లుతుంది. పొర్లిందా, మట్టి కట్ట గంటల్లో కోసుకుపోతుంది. ప్రపంచంలో మట్టి కట్టలు తెగడానికి పెద్ద కారణాల్లో ఒకటి ఇదే.

అలుగు, అంటే మిగులు నీరు పొర్లి బయటికి పోయే దారి, అందుకే కావాలి. అదే 20 ఎకరాల మీద గంటకు 100 మిల్లీమీటర్ల జోరుతో వాన పడితే, ఇంకింది పోగా సెకనుకు 1,800 లీటర్ల దాకా వస్తాయి. పది మీటర్ల వెడల్పున్న అలుగు మీద నీరు ఒక అడుగు మందంతో పారితే సుమారు 2,800 లీటర్లు పోతాయి. ఆ మాత్రం వెసులుబాటు ఉండాలి. అలుగును కట్ట మీద పెట్టకండి. పక్కన గట్టి నేలను తవ్వి, వెడల్పుగా, లోతు తక్కువగా చేసి గరిక వేయించండి. అలుగు మట్టం కన్నా కట్ట తల కనీసం ఒక మీటరు పైన ఉండాలి, ఎందుకంటే కొత్త కట్ట మొదటి ఏళ్లలో కుంగుతుంది.

బోరు సంగతి. వరద కట్ట ఖాళీగా ఉంటేనే వరదకు పనికొస్తుంది. నిండి ఉన్న కుంట రేపటి వానను ఎక్కడ పెట్టుకుంటుంది? రెండూ కావాలంటే అడుగున కొంత లోతు మాత్రం నిల్వకు వదిలి, ఆ పైన ఎప్పుడూ తెరిచి ఉండే తూము పైపు పెట్టండి. గేటు, వాల్వు వద్దు. అర్ధరాత్రి వానలో వెళ్లి ఎవరు తిప్పుతారు? ఒక అడుగు వ్యాసం పైపు రెండు మీటర్ల నీటి ఒత్తిడిలో సెకనుకు దగ్గర దగ్గర 200 లీటర్లు వదులుతుంది, అంటే ఒక రాత్రిలో కుంట దిగిపోతుంది. పైపు నోటికి కమ్మీల జాలీ తప్పనిసరి. లేఅవుట్ నుంచి ప్లాస్టిక్ ఎంత కొట్టుకొస్తుందో మీకు తెలిసిందే.

మా కట్టకు కష్టం వచ్చింది ఈ పైపు దగ్గరే. కట్ట వేసిన కాంట్రాక్టరు పైపు చుట్టూ మట్టిని బకెట్‌తో గుమ్మరించి పైన చదును చేసి వెళ్లిపోయాడట. ఒక వానాకాలం రాత్రి పైపు పక్కన చిన్న ఊట కనిపించింది. తేటగా ఉంటే అంత భయం లేదు. కాసేపటికి అది ఎర్రగా మారింది. ఎర్ర నీళ్లంటే లోపల మట్టి కరిగి వస్తోందని, బుంగ పడుతోందని అర్థం. షెడ్లలోని వాళ్లను లేపి మెరక మీదికి పంపాం. అంతా మనవాళ్లే కాబట్టి తెలుగులో ఒక్క కేక సరిపోయింది. నలుగురు మగవాళ్లు మాతోనే ఉండిపోయారు. ఊట మీద ముందు ఇసుక, దాని మీద కంకర పోసి, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చాం. నీళ్లు పోవాలి, మట్టి ఆగాలి. అది ముఖ్యం. ఊటకు గుడ్డలు కుక్కి మూసేస్తే నీరు ఇంకోచోట దారి చేసుకుంటుంది. పైపు తెరిచే ఉంది కాబట్టి తెల్లవారేసరికి మట్టం దిగి గండం గడిచింది. ఎండాకాలంలో అక్కడ మొత్తం తవ్వి, పైపు చుట్టూ బంకమట్టిని చేతి దిమ్మిసలతో పొరలు పొరలుగా కొట్టించి, బయటి చివర ఇసుక ఫిల్టరు పెట్టించాం.

మీ జేసీబీ ఆయన నాలుగైదు రోజుల మాట నాకు అందుకే నచ్చలేదు. జేసీబీ మట్టిని పోస్తుంది, గట్టిపరచదు. పై మట్టి, వేర్లు తీసేయాలి. కట్ట నడుమ గట్టి నేల తగిలేదాకా కటాఫ్ ట్రెంచ్, అంటే అడుగున నీరు ఊరకుండా అడ్డుకునే కందకం, తవ్వి బంకమట్టితో నింపాలి. ఆపై అరడుగు చొప్పున పొరలు వేసి, తడిపి, రోలర్ తిప్పాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి బురద అంటకూడదు. మూడు మీటర్ల కట్టకు తల వెడల్పు రెండున్నర మీటర్లు, నీటి వైపు వాలు ఎత్తు ఒకటికి అడ్డం రెండున్నర, బయటి వైపు ఒకటికి రెండు వేసుకుంటే అడుగున 16 మీటర్ల వెడల్పు వస్తుంది. ఇంత చోటు పోతుందా అని చాలామంది వెనకాడి నిటారుగా వేస్తారు. అమెరికాలో జార్జియాలోని టొకోవా దగ్గర 1977 నవంబర్ 6న అర్ధరాత్రి దాటాక కెల్లీ బార్న్స్ అనే ప్రైవేటు మట్టి ఆనకట్ట తెగి 39 మంది చనిపోయారు. ఒకే కారణమని తేల్చలేకపోయినా, నిటారుగా ఉన్న బయటి వాలు జారడం, బుంగ పడటం కలిసి తెంచి ఉంటాయని దర్యాప్తు బృందం భావించింది. ఆ కట్ట ఎత్తు సుమారు 12 మీటర్లే.

కట్ట మీద నీలగిరి, టేకు ఏదీ పెట్టకండి. చెట్టు చచ్చాక వేరు కుళ్లిన దారే నీటికి దారి. పందికొక్కుల కలుగులు, ఎండ్రకాయల బొరియలు ఏటా వానలకు ముందు చూసి పూడ్చాలి.

చట్టం విషయం. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం 10 మీటర్ల లోపు కట్టలకు వర్తించదు. అంటే ఆ చట్టం కింద మీ కట్టను తనిఖీ చేయడానికి ఎవరూ రారు, బాధ్యత మొత్తం మీదే. మన కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి రైల్వే లైను దెబ్బతిన్నప్పుడు, 1874లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు లండన్‌లో ఉన్న చివరి అప్పీలు కోర్టు) ఆయన మీద బాధ్యత మోపలేదు. అవి తరతరాల చెరువులు, జనం బతుకు వాటి మీదే ఉంది, వాటిని కాపాడటం ఆయన విధి అన్నది కారణం. సొంత అవసరానికి కొత్తగా వేసే కట్టకు ఆ నీడ దొరుకుతుందని నేను అనుకోను. గ్రామ నక్ష, పహణి కూడా తీసి చూడండి. ఆ పల్లం వాగుగానో, కాలువగానో, బి ఖరాబ్‌గానో (ప్రజావసరాలకు వదిలిన, సాగుకు లెక్కించని నేల) ఉంటే అది సర్కారుది, అనుమతి లేకుండా అడ్డం కట్టకూడదు. పైగా ఆ నీటి కోసం కింద ఇంకో చెరువు ఎదురుచూస్తుండొచ్చు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి, చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం ఇంకొకటి. మీ నాలుగెకరాలకు ఆ రెండోదే నా భయం. ఎగువన 20 ఎకరాలకు మించి ఉంటే కట్ట ఆలోచన మానేసి, పొలం అంచున వెడల్పాటి గరిక కాలువ తీసి నీటిని క్షేమంగా దాటించడమే మేలు. ఎగువ విస్తీర్ణం కొలిచి, కింద ఏముందో చూసి రాయండి. అలుగు వెడల్పు లెక్క కట్టి చెబుతాను, దాన్ని ఇంజనీరుకు చూపించి సరిచూసుకోండి.