గంట గడిచినా దెయ్యం రాని సినిమా

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘ది షైనింగ్’ ఈమధ్యనే మొదటిసారి చూశాను. గంట గడిచినా దెయ్యం రాలేదని విసుక్కుని మా తమ్ముడు మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. ఇంత నెమ్మదిగా నడిచే సినిమా ఎందుకంత భయపెడుతుందండీ?

జవాబు: 1980 నాటి ఈ చిత్రం మన దగ్గర దాచిపెట్టేది చాలా తక్కువ. చలికాలమంతా మంచులో మూతపడి ఉండే హోటల్‌కు కాపలాదారుగా చేరబోతున్న జాక్‌తో, గతంలో అదే పని చేసిన మనిషి తన భార్యనూ ఇద్దరు ఆడపిల్లలనూ గొడ్డలితో నరికి చంపి, తానూ ప్రాణం తీసుకున్నాడని మేనేజరు ఇంటర్వ్యూలోనే చెప్పేస్తాడు. ఆ సంగతి తెలిసిపోయింది కనుకనే, తరువాత జాక్ భార్య మీద విసుక్కున్న ప్రతిసారీ మన మనసు కీడు శంకిస్తుంది.

తెర మీద పడే అక్షరాలను కూడా గమనించండి. మొదట్లో ‘ఒక నెల తరువాత’ అని వస్తుంది, ఆపైన మంగళవారం, గురువారం అంటూ రోజులు వస్తాయి, చివరికి ఉదయం 8, సాయంత్రం 4 అని గంటలే మిగులుతాయి. లంకల్లో పుట్టిపెరిగిన మీకు ఈ భయం కొత్తది కాదు. భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందని ముందుగా కబురు వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. నీరు ఇంకా గుమ్మం తాకకపోయినా, ఆ అంకె పెరిగేకొద్దీ గుండెదడ పెరుగుతుంది.

ఇక చప్పుడు సంగతి. పిల్లవాడు డానీ మూడు చక్రాల సైకిలు మీద హోటల్ నడవాల్లో తిరుగుతుంటే, చెక్క నేల మీద చక్రాలు గరగరమంటాయి, తివాచీ ఎక్కగానే ఆ మోత టక్కున ఆగిపోతుంది, మళ్లీ చెక్క, మళ్లీ తివాచీ. గారెట్ బ్రౌన్ కనిపెట్టిన స్టెడీకామ్ పరికరం వల్ల కెమెరా ఎక్కడా కుదుపు లేకుండా, నేలకు బాగా దగ్గరగా, వాడి వెనుకే వెళుతుంది. అలా మొదటిసారి తిరిగినప్పుడు ఏ మూలనా ఏమీ కనిపించదు, అయినా సినిమా మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన ఘట్టం అదే.

మీ తమ్ముడిని కూర్చోబెట్టి మళ్లీ చూడదలిస్తే, యూరప్ కోసం 119 నిమిషాలకు కుదించిన ప్రతిని కాక, 144 నిమిషాల అమెరికా ప్రతిని ఎంచుకోండి. ఫోను స్పీకరులో చెక్కకూ తివాచీకీ తేడా సరిగా వినిపించదు కనుక, మంచి స్పీకర్లున్న టీవీలో, మధ్యలో ఆపకుండా చూడండి.